పాత కుట్టు డిజైన్లు

“దాన్ని ముట్టుకున్నావంటే మర్యాదగా ఉండదు!”

చెల్లెలు అంత గట్టిగా అరవగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమెకే తెలియదు. ఆమె మొగుడు, లిఫ్టు మెకానిక్, స్విచ్చి మీదికి చాచిన చెయ్యి అలాగే గాల్లో ఉంచేశాడు.

భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టె పక్కకి తిరిగి పడుకుని ఉంది. మూత ఊడదీసి గోడకి ఆనించాడు. స్క్రూలు ఒక సాసరులో ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం నుంచీ ఆ బల్ల మీద ఎవరూ అన్నం తినలేదు. తిన్నవాళ్ళు నిలబడే తిన్నారు.

“ఇంకొక్కసారి చూద్దామే,” అన్నాడతను గొంతు తగ్గించి. “నిన్న పదహారు ఫోటోలు వెనక్కి వచ్చాయిగా.”

“వచ్చాయి. పైన అక్క వెనకున్న గోడ, కింద బూడిద రంగు. పదహారూ అంతే. అవి జడ్జీగారికి చూపిస్తావా? ‘అయ్యా, కింది సగం మీరే ఊహించుకోండి’ అంటావా?”

“నేను కావాలని చేశానా?”

“లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళు ఏం చేస్తారు? ఉన్న బటన్లన్నీ నొక్కుతారు. నువ్వే కదా వాళ్ళని తిట్టుకుంటూ ఇంటికొస్తావు?”

మెకానిక్ చాచిన చెయ్యి దించేశాడు. ఆ దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది.

శనివారం సాయంత్రం కంప్యూటరు నత్తలా నడుస్తోందని కూర్చుని పనికిరానివన్నీ తీసేసింది అతనే. ఆదివారం మధ్యాహ్నం అక్క వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. ‘పాత కుట్టు డిజైన్లు’ అనే ఫోల్డరు కోసం వెతికింది. అది లేదు. చెత్తబుట్టలోనూ లేదు. చెత్తబుట్ట కూడా ఖాళీగా ఉంది. “అయ్యో, నేనే తీసేశాను కాబోలు వదినా” అని అతను తల పట్టుకున్నాడు. ఆ తర్వాత పోయినవి వెనక్కి తెచ్చే ప్రోగ్రాం ఒకటి దింపి, తోచినట్టల్లా నడిపాడు, ఏడెనిమిదిసార్లు. ఆ ప్రోగ్రాం దింపింది ఆ డిస్కులోకే. వెనక్కి తెచ్చినవి దాచిందీ ఆ డిస్కులోకే.

ఆ ఫోల్డర్లో కుట్టు డిజైన్లు ఒక్కటి కూడా లేవు.

నలభై ఒక్క ఫోటోలున్నాయి. మూడు గొంతు రికార్డులున్నాయి. రెండేళ్ళపాటు అక్క తన మణికట్టునీ, మెడనీ, వీపునీ తనే తీసుకున్న ఫోటోలు. బావ ప్రతి సాయంత్రం ఆమె ఫోను తనిఖీ చేసేవాడు. అందుకని తెల్లారగానే చెల్లెల్ని చూసే వంకతో ఈ ఇంటికొచ్చి, ఈ పెట్టెలో దాచుకుని, ఫోన్లోంచి చెరిపేసుకుని వెళ్ళేది. ఎవరైనా తెరిచి చూస్తారేమోనని ఎవరికీ అక్కర్లేని పేరు పెట్టింది. ఇల్లొదిలి వచ్చేసిన రోజు బావ ఆ ఫోను నేలకేసి కొట్టాడు. పోనీలే, అంది అక్క అప్పుడు. అసలైనవి భద్రంగా ఉన్నాయి.

ఎల్లుండి కోర్టు. పిచ్చిక ఎవరి దగ్గర ఉండాలో ఎల్లుండే తేలుతుంది. పిచ్చిక అంటే అక్క కూతురు, ఎనిమిదేళ్ళది. గింజలేరుకున్నట్టు అన్నం తింటుందని ఆ పేరొచ్చింది. ఫోటోలు లేకపోతే కోర్టులో మిగిలేది బావ మాట. మంచి ఉద్యోగం, సొంత ఫ్లాటు, తేనె పూసిన నోరు. ఆ నోటి ముందు అక్క నిలబడలేదు. పిచ్చిక అతనితో వెళ్ళిపోతుంది.

“వదిలెయ్యవే,” అంది అక్క.

ఆమె గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. రొట్టెల కంపెనీలో ప్యాకింగు పని. జుట్టు టోపీలోకి అప్పుడే దోపేసుకుంది. ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. ఏదైనా ఉంటే బాగుండును అనిపించింది చెల్లెలికి.

“మరిదేం పగబట్టి తీశాడా? నా ఖర్మకి నేనే పనికిరాని పేరు పెట్టుకున్నాను.”

“నువ్వు తిట్టవా వదినా? రెండు తిట్టు. నాకూ కాస్త తేలిగ్గా ఉంటుంది,” అన్నాడు మెకానిక్.

“మూడున్నరకి పిచ్చికని తీసుకుని వచ్చేస్తాను,” అంది అక్క అతని మాట విననట్టు. పొద్దున్నే పిల్లని కొత్త బడిలో దింపి వచ్చింది. మొదటి రోజు.

“ఏ బడో ఇప్పటికైనా చెప్పవా?”

“చెప్పను. మీకు తెలియకపోతే మీ నోట్లోంచి ఎవరూ రాబట్టలేరు.”

తలుపు మూసుకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు కిందకి దిగిపోయింది.

కిటికీ పక్కన అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నిన్నటి నుంచీ ఆవిడ తల ఎత్తలేదు. నోరు తెరిస్తే ఆగని మనిషి, కొడుకు తప్పు ఒప్పుకున్నప్పుడు కూడా పన్నెత్తి మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం చేతిలో కాయ వైపే చూస్తూ అంది.

“ఇంత హడావిడి దేనికో. మళ్ళీ ఫోటోలు తీయించుకుంటే సరిపోదూ?”

చెల్లెలు అత్తగారి వైపు తిరిగింది.

“దెబ్బలు కూడా మళ్ళీ తినాలిగా అత్తయ్యా.”

అత్తగారి చేతిలో కాయ రెండుగా విరిగింది. గింజలు కింద పడ్డాయి. ఏరుకోవడానికి ఆవిడ వంగలేదు.

*

కళ్ళద్దాల షాపులో చెల్లెలి పని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం. అక్కడికొచ్చే ఒకామె అడ్రసు ఇచ్చింది. వాచీలు బాగుచేసే వరసలో మేడ మీద చివరి గది. జనం ఆమెని డిస్కు డాక్టరమ్మ అంటారు. యాభై దాటిన మనిషి. మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడుతోంది, నుదుటి మీద ఇంకో కళ్ళజోడు ఉంది.

చెల్లెలు పెట్టెని పసిబిడ్డలా రెండు చేతులా పట్టుకొచ్చింది. మెకానిక్ సగంరోజు సెలవు పెట్టి వెనకాలే వచ్చాడు.

“పోయాక ఎన్నిసార్లు ఆన్ చేశారు?” అంది డాక్టరమ్మ.

“ఏడో ఎనిమిదో...”

“ప్రోగ్రాం ఎక్కించారా?”

“ఎక్కించాను.”

“ఇందులోకే?”

మెకానిక్ తల దించుకున్నాడు.

“చూడు నాయనా, తీసేసిన ఫోటో వెంటనే పోదు. అది ఉన్న చోటు ఖాళీ అని మిషను రాసుకుంటుందంతే. ఫోటో కింద అలాగే ఉంటుంది. దాని మీద నువ్వు ఎనిమిది తట్టలు మట్టి పోసి, పైగా ‘ఎక్కడుందీ’ అని వెతికావు.”

“వస్తాయా రావా, అది చెప్పండి,” అంది చెల్లెలు.

“ఇది పాత రకం తిరిగే డిస్కు. మీ అదృష్టం. ముందు దీనికి నకలు తీస్తాను, తర్వాత నకలు మీదే వెతుకుతాను. అసలు దాన్ని ఇక తాకను. కూర్చోండి. అయ్యేదాకా నన్ను అడక్కండి. అడిగితే త్వరగా అవదు, నాకు విసుగొస్తుందంతే.”

పన్నెండు గంటలకి మొదలుపెట్టింది. గోడవారన రెండు స్టూళ్ళున్నాయి. మొగుడూ పెళ్ళాం చెరో స్టూలు మీదా కూర్చున్నారు, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ వదిలి. తెర మీద పచ్చ గీత ఒకటి కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా కదులుతోంది. చెల్లెలు దాన్నే చూస్తోంది. మెకానిక్ చెల్లెల్ని చూస్తున్నాడు.

“ఏమైనా తింటావా?” అన్నాడు ఒంటిగంటకి.

“వద్దు.”

“నీళ్ళు?”

“వద్దు.”

“పోనీ తిడతావా?”

ఆమెకి నవ్వొచ్చేదే. రాలేదు.

రెండున్నరకి డాక్టరమ్మ నుదుటి మీది కళ్ళజోడు కిందకి దించుకుంది. “రండమ్మా.”

తెర నిండా చిన్న చిన్న గళ్ళు. చాలా గళ్ళు సగం బూడిదే. కానీ కొన్ని నిండుగా ఉన్నాయి. డాక్టరమ్మ ఒకటి పెద్దది చేసింది. తెల్ల పలకల గోడ, కుళాయి, కుళాయి పక్కన ఆడమనిషి ముంజేయి. మోచేతి దాకా నాలుగు వేళ్ళ గుర్తులు.

అక్క ఎప్పుడూ చూపించలేదు. చెల్లెలు ఎప్పుడూ అడగలేదు. ఆ చేతి మీది పుట్టుమచ్చని గుర్తుపట్టి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“తొమ్మిది చెక్కుచెదరకుండా వచ్చాయి. ఒక రికార్డు కూడా పూర్తిగా ఉంది. తీసిన తేదీలు కూడా ఉన్నాయి,” అంది డాక్టరమ్మ. గొంతు కాస్త మెత్తబడింది. “ఇవి చాలు. నేనూ కోర్టులు చూశాను. ఇవి చాలు.”

మెకానిక్ గోడకి ఆనుకుని ఊపిరి వదిలాడు. చెల్లెలు అతని చెయ్యి పట్టుకుంది, నిన్నటి నుంచీ మొదటిసారి.

“ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు,” అంది డాక్టరమ్మ. “మీరు తీసింది ఎప్పుడన్నారు?”

“శనివారం. సాయంత్రం ఆరింటికి,” అన్నాడు మెకానిక్.

“ఎప్పుడు ఏం తీశారో మిషను తనలో తను రాసుకుంటుంది. ఇదిగో శనివారం. ఆరూ పదికి పాత సినిమాలు పన్నెండు. ఆ తర్వాత లిఫ్టు మాన్యువళ్ళు. చెత్తబుట్ట ఖాళీ. అంతే. కుట్టు డిజైన్లు శనివారం లేవు.”

“లేకపోవడమేంటి?”

“అంతకుముందే పోయాయి. శుక్రవారం. ఉదయం పదకొండూ నలభైకి ఎవరో పెన్ డ్రైవ్ పెట్టారు. ఈ మిషనుకి కొత్తది, అంతకుముందెప్పుడూ పెట్టలేదు. ఫోల్డరు మొత్తం అందులోకి కాపీ అయింది. పదకొండూ యాభై రెండుకి ఇక్కడిది చెరిపేశారు. చెత్తబుట్టలోకి కూడా వెళ్ళకుండా, ఏకంగా.”

గదిలో ఎక్కడో చిన్న ఫ్యాను తిరుగుతున్న చప్పుడు చెల్లెలికి అప్పుడు వినిపించింది.

“మరి నువ్వు తీశానన్నావు?”

“తీశాననే అనుకున్నాను.” మెకానిక్ తెర మీదికి వంగాడు. “శుక్రవారం పొద్దున్న మనం ఎవరం ఇంట్లో లేము.”

“అత్తయ్య ఉంది.”

“అమ్మకి దాన్ని ఆన్ చెయ్యడమే రాదే!”

“ఆవిడ ఆన్ చేసిందని నేననలేదు.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. 

చెల్లెలు ఫోను తీసింది. చాలాసేపు మోగింది.

“అత్తయ్యా, శుక్రవారం ఇంటికెవరొచ్చారు?”

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు.

“అత్తయ్యా, మిమ్మల్నే.”

“నేనేం పాపం చెయ్యలేదే అమ్మాయ్...” అత్తగారు ఇక ఆగలేదు, నిన్నటి నుంచీ కట్టేసి ఉంచిన మాటలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. “ఆ అబ్బాయి పిల్ల స్వెట్టరు, కథల పుస్తకం పట్టుకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. ‘అమ్మా, నా కూతురి పుట్టినరోజు ఫోటో ఒక్కటి కూడా నా దగ్గర లేదమ్మా’ అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కన్నతండ్రి కదా, పిల్ల ఫోటోలు అడిగితే కాదని ఎలా అంటాను? కంప్యూటరు ముందు కూర్చోమన్నాను. టీ పెట్టి తెచ్చేలోపు అయిపోయిందన్నాడు. వాళ్ళమ్మకి తెలిస్తే పిల్లని కోప్పడుతుంది, చెప్పకండి అన్నాడు.”

“మరి నిన్న? మీ అబ్బాయి తనే తీసేశానని తల బాదుకుంటుంటే?”

“వాడే ఒప్పుకున్నాడు కదా అనుకున్నాను. నిజంగా వాడే తీశాడేమోనని... అలా అయితే బాగుండునని...”

అత్తగారు ఏడుస్తోంది. చెల్లెలికి తిట్టాలనిపించలేదు. 

“ఫోటోలు వచ్చేశాయి కదే,” అన్నాడు మెకానిక్ ఆమె భుజం మీద చెయ్యి వేసి. “వాడు చెరిపేశాడు, మనం తెచ్చుకున్నాం. ఇంకా మంచిదే. చెరిపింది వాడేనని కూడా చెబుతాం జడ్జీకి.”

“ఫోటోలు, రికార్డులు కాకుండా ఇంకోటి కూడా ఉందమ్మా ఆ ఫోల్డర్లో,” అంది డాక్టరమ్మ వెనక నుంచి. “చిన్న రాత ఫైలు. నాలుగు వాక్యాలే. పెద్దవాటి మీద మట్టి పడింది గానీ ఇది మరీ చిన్నది కదా, వేరే మూల బతికిపోయింది. మొత్తం చక్కగా వచ్చింది. ఇదీ మీ అక్కగారు రాసిందేనా?”

తెరిచింది.

*సోమవారం నుంచి. రైలు గేటు అవతల నీలం గోడ బడి, మూడో తరగతి. గంట మూడున్నరకి, వెనక గేటు దగ్గర నిలబడాలి. నేను రాలేకపోతే పిల్ల బాబాయి వస్తాడని ఆఫీసులో రాయించాలి.*

కింద బడి ఫోను నంబరు.

ఎవరికీ చెప్పనంది అక్క. చెప్పలేదు కూడా. దాచుకోవాల్సినవన్నీ దాచుకునే చోట ఇదీ దాచుకుంది. కాగితం మీద రాసుకుంటే వెతికి పట్టుకునే మనిషితో పదేళ్ళు బతికిన అలవాటు.

“ఇది కూడా... ఆ పెన్ డ్రైవ్ లోకి వెళ్ళిందా?”

“ఫోల్డరు మొత్తం అన్నానుగా. చెరిపే ముందు అతను తెరిచి చూసింది కూడా ఇదొక్కటే. ఫోటోలు ఒక్కటీ తెరవలేదు.”

గోడ గడియారం మూడూ రెండు నిమిషాలు.

చెల్లెలు అక్కకి ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. ప్యాకింగు హాల్లోకి ఫోన్లు పట్టుకెళ్ళనివ్వరు, లాకర్లో పెట్టి వెళ్ళాలి. మళ్ళీ చేసింది. మెకానిక్ అప్పటికే బండి తాళాలు తీసి గుమ్మంలో నిలబడ్డాడు. “రైలు గేటుకి ఇక్కణ్ణించి అరగంట పడుతుందే! ముందు బడికి చెయ్యి, బడికి చెయ్యి!”

బడి నంబరు ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. మూడోసారి నొక్కుతుంటే వేలు పక్క అంకె మీద పడింది. డాక్టరమ్మ ఏమీ అనకుండా తన టేబులు మీది ఫోను లాక్కుని నంబరు తనే నొక్కి, రిసీవరు ఆమె చేతిలో పెట్టింది.

“హలో? ఆఫీసు,” అంది ఒక ఆడగొంతు.

చెల్లెలు పిల్ల పేరు చెప్పింది. తరగతి చెప్పింది. “మా అక్క కూతురమ్మా. ఈ రోజే చేరింది. నేను పిన్నిని. దయచేసి పిల్లని బయటికి పంపకండి. మేమొచ్చేదాకా మీ గదిలోనే కూర్చోబెట్టండి. ఎవరొచ్చినా సరే...”

“అయ్యో, పిల్ల వెళ్ళిపోయిందిగా అమ్మా.”

“ఎక్కడికి?”

“పళ్ళ డాక్టరు దగ్గరికని ముందే తీసుకెళ్ళారు, పావుగంటయింది. వాళ్ళ బాబాయిగారే వచ్చారు. పొద్దున్న వాళ్ళమ్మ పుస్తకంలో రాయించి వెళ్ళింది కదా, బాబాయి వస్తే పంపమని. సంతకం కూడా పెట్టారు. అంటే మీవారే కదమ్మా?”

చెల్లెలు తల తిప్పింది. ఆమె మొగుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో బండి తాళాలు.

“పిల్ల... పిల్ల ఏమంది?”

“ఏమీ అనలేదమ్మా. ఆయన్ని చూసి లేచి నిలబడింది. సంచీ సర్దుకుంది, వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఎంత బుద్ధిమంతురాలో!”

రిసీవరు ఎవరు పెట్టేశారో చెల్లెలికి తెలియదు. తాళాలు నేల మీద పడిన చప్పుడు వినిపించింది. “పోలీసులకి చెయ్యండి, ముందు పోలీసులకి,” అంటోంది డాక్టరమ్మ. ఆ మాట ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది.

అప్పుడే ఆమె చేతిలో సెల్లు మోగింది.

అక్క.

తీయకపోతే మళ్ళీ చేస్తుంది. తీసింది.

“ఏమే, రెండుసార్లు చేశావు? ఇప్పుడే లాకరు తెరిచాను.” అక్క వేగంగా నడుస్తోంది, ఊపిరి వినిపిస్తోంది. “వస్తూ వస్తూ బడికి ఫోను చేశాను, రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది, పిల్లని గేటు లోపలే ఉంచండని చెబుదామని. బాబాయి వచ్చి తీసుకెళ్ళాడన్నారు. ముందు గుండె జారిపోయిందనుకో. తర్వాత అర్థమైంది, ఫోటోలతో పాటు బడి సంగతి రాసుకున్నదీ దొరికుంటుంది, అందుకే మరిది నాకంటే ముందే పరిగెత్తుకొచ్చాడని. దొరికాయా?”

“దొరికాయి,” అంది చెల్లెలు. ఆ ఒక్కమాటే వచ్చింది.

అవతల అక్క నవ్వింది. ఎన్నో నెలల తర్వాత ఆ నవ్వు వింటోంది చెల్లెలు. వెనక రోడ్డు మీద హారన్లు, ఎవరిదో సైకిలు గంట, వాటి మధ్యలోంచి అక్క నవ్వు.

“చూశావా, పొద్దున్న అతన్ని ఎన్ని మాటలన్నావో! ఇంటికొచ్చాక నా ముందే తప్పయిందని చెప్పాలి నువ్వు. సరేగానీ, ఫోను ఒక్కసారి పిచ్చికకివ్వు. మొదటి రోజు ఎలా ఉందో అడుగుతాను.”

చెల్లెలు నోరు తెరిచింది.

“ఏమే? ఇవ్వవూ?”